టూల్ పెట్టె మూత

ఇది ముందే రాయాల్సింది. రాయలేకపోయాను, ఎందుకంటే అప్పటికి నాకు రాయడం రాదు. యాభై ఆరేళ్లు నిండేదాకా నా పేరు ఎవరైనా కాగితం మీద రాసి చూపిస్తే అది నా పేరని ఇంకొకరు చెప్పాల్సి వచ్చేది. సంతకం అంటే నాకు బొటనవేలే.

మా ఆయన పోయిన మరుసటి ఏడు మారేడ్‌పల్లిలో ఒక టీచరమ్మ ఇంట్లో వంటకు కుదిరాను. రిటైరై చాలా కాలమైన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి కోడికూర తయారుగా ఉండాలి, మిగతా రోజుల్లో ఏం పెట్టినా తింటుంది. ఆమె వంటింట్లో డబ్బాలన్నీ ఒకే రకం, ఒకే సైజు. నేను ప్రతిసారీ మూత తీసి వాసన చూసి, ఇది ధనియాలు, ఇది సోంపు అని పక్కన పెట్టుకునేదాన్ని. ఒకరోజు గుమ్మంలో నిలబడి చూసింది.

"డబ్బాల మీద రాసే ఉంది కదమ్మా, ఎందుకన్నీ తెరుస్తావు?"

"నా ముక్కుకు చదువు అక్కర్లే టీచరమ్మా" అన్నాను.

నవ్వింది. మరునాడు పాత క్యాలెండరు వెనక పెద్ద పెద్ద అక్షరాలు రాసి స్టవ్ పక్కన గోడకు తగిలించింది. అన్నం ఉడికేలోపు రోజుకు రెండు. అట్లా మూడేళ్లు. ఇప్పుడు బస్సు నంబరుతో పాటు బస్సు ఎక్కడికి పోతుందో కూడా చదువుతాను. మందుల చీటీ మీది డాక్టరు రాత తప్ప ఏదైనా కూడబలుక్కుని చదవగలను. చదువు వచ్చిన కొత్తలో నాకు ఊరంతా మాట్లాడుతున్నట్టు ఉండేది. ఏ గోడ చూసినా ఏదో ఒకటి చెప్పేది. ఆ సంతోషం పోయిన దసరాకు ఒక ఇనుప మూత మీది రెండు వరుసలు చదివేదాకా ఉంది.

పద్నాలుగేళ్లుగా మా తోడికోడలు తన మొగుడి చావుకు మా ఆయనే కారణమని నమ్ముతూ వచ్చింది. మా ఆయన కూడా అట్లాగే నమ్మనిచ్చాడు. అందులో నా చెయ్యి ఎంత ఉందో నాకే తెలియదు, ఆ మూత చదివేదాకా.

ముందు బండి గురించి చెప్పాలి.

మా ఆయన మిలిటరీ బండ్లు బాగుచేసే వర్క్‌షాపులో సివిల్ మెకానిక్‌గా చాలా ఏళ్లు పనిచేశాడు. ఆ పని వదిలాక చేతిలో ఉన్నదంతా పెట్టి ఒక మిలిటరీ లారీని వేలంలో కొన్నాడు. కొన్నాడు అనడం కంటే ఈడ్చుకొచ్చాడు అనాలి. ఇంకో లారీకి గొలుసు కట్టి బొల్లారంలో మా ఇంటి వెనక ఖాళీ జాగాలోకి లాక్కొచ్చారు. ముక్కు చదునుగా, అద్దం నిటారుగా, తలుపుల బదులు మోకాలెత్తు రేకులు, పైన గుడ్డ కప్పు. నాలుగు చక్రాలు, ఒక్కొక్కటి నా ఛాతీ ఎత్తు. నాలుగింటికీ ఇంజిను బలం అందుతుంది, అందుకే బురదలోనైనా పాకుతుంది అన్నాడు. ఆ రోజు మాత్రం అది ఎండలో కూడా కదలలేదు.

దాన్ని నిలబెట్టడానికి ఏడాదిన్నర పట్టింది. మాకు పిల్లలు లేరు. పొద్దున వంట అయిపోతే నేనూ దాని కిందికే దూరేదాన్ని. ఆయన విప్పిన ప్రతి ముక్కనూ కిరసనాయిలులో కడిగి, గోనెపట్టా మీద విప్పిన వరసలో పేర్చేదాన్ని. పేర్లు రాసి పెట్టుకోలేను గనక ఆ వరసే నాకు పుస్తకం. ఏ బోల్టు ఏ బొక్కలోదో వేళ్లకు తెలుసు. సామాను కోసం రాణిగంజ్ పోతే, అరిగిన ముక్కను గుడ్డసంచిలో వేసుకుని పోయి కొట్టు బల్ల మీద పెట్టేదాన్ని. కొట్టతను నన్ను దూరం నుంచే గుర్తుపట్టేవాడు.

"ఏమమ్మా, మళ్ల బొక్కలు తెచ్చినవా? ఇంకెన్ని రోజులు బతికిస్తరు ఆ ముసల్దాన్ని?"

"నువ్వు మంచి సామాను ఇస్తే నీకంటే ఎక్కువ రోజులు బతుకుతది" అనేదాన్ని.

మొదటిసారి ఇంజిను అందుకున్న రోజు వీధి వీధంతా పొగ. పక్కింటావిడ ఆరేసిన బట్టలన్నీ మళ్లీ ఉతుక్కుంది. మా ఆయన మాత్రం స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, పొలం అమ్ముకున్నవాడిలా ఏడ్చాడు. సంతోషానికి ఏడ్చినా ఆయన ముఖం అట్లాగే ఉండేది.

మా పని కరెంటు స్తంభాలు మోయడం. మామూలు లారీలు తారు రోడ్డు దాకా వస్తాయి, అక్కడి నుంచి అడవిలోని ఊర్లకు పోవాలంటే మా బండి లాంటిదే కావాలి. మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్ మీదుగా ఉట్నూరు అవతలికి, రెండు రోజుల దారి. గంటకు ముప్పై అయిదు కిలోమీటర్లు దాటితే బండికి వణుకు వచ్చేది, మాకూ వచ్చేది. గేదెల బండ్లు తప్ప అన్నీ మమ్మల్ని దాటిపోయేవి. చలికాలం ఇంజిను వేడికి కాళ్లు వెచ్చగా ఉండేవి, ఎండాకాలం అదే వేడికి చెప్పులు మెత్తబడేవి.

క్లీనర్ని నేనే. ఇరుకు దారిలో దిగి వెనక నడుస్తూ రేకు మీద అరచేత్తో కొట్టేదాన్ని. ఒక దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. ఆ ఇంజిను మోతలో మనిషి గొంతు వినపడదు, దెబ్బ మాత్రం డ్రైవరు వీపుకు తెలుస్తుంది. దాబాల దగ్గర మిగతా డ్రైవర్లు వింతగా చూసేవాళ్లు.

"ఏం అన్నా, ఆడ క్లీనర్ని పెట్టినవ్? జీతమెంత?"

"జీతం నేనియ్య, ఆమెనే నాకు తిట్లిస్తది, రోజుకు మూడు పూటలు" అనేవాడు మా ఆయన, రొట్టె తుంచుతూ.

బండి నడపడం కూడా నేర్పాడు. బొల్లారంలో మిలిటరీ గోడ వెంబడి ఉన్న ఖాళీ రోడ్డు మీద, తెల్లారగానే. గేరు మార్చాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి, నడుమ ఇంజిను గొంతు విని అది ఒప్పుకున్నప్పుడే కర్ర వేయాలి. నాకు చెవి బాగా పనిచేసేది. అడవిలో తిన్నని దారి వస్తే నాకిచ్చి ఆయన కునుకు తీసేవాడు. లైసెన్సు తీసుకుందామంటే పెద్ద బండికి చదువు కావాలన్నారు. "నీకు లైసెన్సెందుకు, చెట్లు అడుగుతయా?" అని నవ్వేవాడు.

అన్నీ నేర్పిన మనిషి ఒక్క చక్రాల దగ్గరికి మాత్రం నన్ను రానిచ్చేవాడు కాదు. పంక్చరైతే టైర్లకు అడ్డంగా రాళ్లు పెట్టేదాకే నా పని. తర్వాత "అటు పోయి ఆ చెట్టు కింద కూసో" అనేవాడు. బరువని, నాకు నడుము నొప్పని అనుకునేదాన్ని. దూరం నుంచి చూస్తే చక్రం మధ్యలో రెండు వరసల నట్లు కనిపించేవి. లోపలి వరస నల్లవి, బయటి వరస ఎర్రవి. మిలిటరీ వాళ్లకు ప్రతిదానికీ ఏదో ఒక రంగు వేయడం అలవాటు గదా, ఇదీ ఒక సోకు అనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు. చదువు రాని మనిషికి అన్నీ అడగడం అలవాటు ఉండదు. ఎన్నని అడుగుతాం? కొన్ని ఊహించుకుని వదిలేస్తాం.

మా మరిదికి ఎనిమిదేళ్లప్పుడు నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చాను. అప్పటికే వాళ్ల అమ్మ లేదు. వాడికి తల దువ్వి బడికి పంపింది నేను. వాడు బడిలో నేర్చుకున్నది సాయంత్రం నాకు అప్పజెప్పేవాడు, నేను ఊ కొట్టేదాన్ని. పెద్దయ్యాక ఊర్లో మామూలు లారీలు నడిపాడు. మల్కాజ్‌గిరి పిల్లను చేసుకుని అత్తగారింటి పక్కనే అద్దెకు దిగాడు. ముప్పై అయిదు దాటాక, "అన్నా, ఇంకొకని బండి ఎందుకు, మన బండే నడుపుత" అంటూ మా దగ్గరికి వచ్చేశాడు. మా ఆయనకు అప్పటికి మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఆయన ముఖంలో ఎంత తేలిక కనిపించిందో.

ఆ ఎండాకాలంలోనే, బండి పక్కన వేలాడే టూల్ పెట్టె మూత లోపలి వైపు, మా ఆయన ఎర్ర రంగుతో రెండు వరసలు రాశాడు. మోకాళ్ల మీద కూర్చుని, నాలుక బయటపెట్టి, బడిపిల్లవాడిలా రాశాడు. నేను టీ గ్లాసు పట్టుకుని వెనకే నిలబడ్డాను. ఏం రాశావని అడగలేదు. ప్రతి లారీ మీదా దేవుడి పేరు ఉంటుంది, మన బండి నుదుటి మీద ఇంకా లేదు, మూత మీద రాస్తున్నాడు అనుకున్నాను.

ఆ ఏడు దసరా ముందురోజు ఆయుధపూజ. పొద్దున్నే బండి కడిగాము. మా ఆయన బంతిపూలకూ గుమ్మడికాయకూ బజారుకు పోయాడు. గేటుకు వేయగా మిగిలిన వెండి రంగు డబ్బా నా కంట పడింది. బ్రష్షూ ఉంది. బండికి అన్నీ ఆయనే చేస్తాడు, ఇవాళ నేను ఒకటి చేసి చూపిద్దామనుకున్నాను. చక్రాల దగ్గర కూర్చున్నాను, ఆయన లేడు గనక. లోపలి వరస, బయటి వరస, నాలుగు చక్రాలూ, వెనక తగిలించిన స్టెప్నీ కూడా. ఒక్కొక్క నట్టూ ఆరు పక్కలా తిప్పి తిప్పి వేశాను. రంగు ఆరాక ఎండ పడి చక్రాలు పట్టీల మాదిరి మెరిశాయి.

అప్పుడే మరిది, తోడికోడలు పూజకు వచ్చారు.

"ఓ వదినా, బండికి వెండి కడియాలు తొడిగినవ్. నాకు పెండ్లి నాడు ఒక్క ఉంగరం పెట్టలే" అన్నాడు మరిది.

"నువ్వు గిన స్తంభాలు మోస్తే నీకు సుత పెడ్త పో" అన్నాను.

మా ఆయన పూలబుట్టతో వచ్చాడు. గేటు లోపల నిలబడిపోయాడు. చక్రాల వైపు చూశాడు, నా చేతుల వైపు చూశాడు. వేళ్ల నిండా వెండి రంగు.

"ఎట్లుంది?" అన్నాను.

బుట్ట ఇంకో చేతికి మార్చుకున్నాడు. తర్వాత, "పెండ్లికొడుకు లెక్క చేసినవ్" అన్నాడు. బుట్ట కింద పెడుతూ, "సరే, పండుగ పోనీ. మళ్ల జూద్దాం" అన్నాడు, నాతో కాదు, తనలో తను అనుకున్నట్టు. మళ్లీ ఏం చూడాలో నాకు అర్థం కాలేదు. ఆయన ఆ ఒక్క పూట నా సంతోషం పాడు చేయలేకపోయాడు. అది ఇప్పుడు తెలుస్తున్నది.

పూజలో బండికి పసుపు కుంకుమ పెట్టాను. టూల్ పెట్టె మూత ఎత్తి, ఆ ఎర్ర అక్షరాల మీద కూడా వరసగా బొట్లు పెట్టాను. దేవుడి పేరు గదా. మా ఆయన అప్పుడు గుమ్మడికాయ కొడుతున్నాడు, చూడలేదు.

పండుగ వెళ్లిన మూడో రోజే మా ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. అదే రోజు స్తంభాల లోడు వచ్చింది, ఆగదన్నారు. మరిది, ఒక కూలీ మనిషిని తోడు తీసుకుని బయలుదేరాడు. మా ఆయన రెండు దుప్పట్ల కింద వణుకుతూ తల ఎత్తాడు.

"చక్రాల దగ్గర జెర పైలం రా."

"నాకు తెల్వదా అన్నా? పండుకో నువ్వు."

అంతే. నేను గేటు దాకా పోయి రేకు మీద రెండు దెబ్బలు కొట్టాను. పోనీ అని.

మరునాడు మధ్యాహ్నం ఉట్నూరు దారిలో ఒక టీకొట్టు నుంచి ఫోను వచ్చింది. వెనక చక్రం మెత్తబడిందట, గాలి మొత్తం పోలేదు. మరిది దాన్ని విప్పడానికి కూర్చున్నాడు. ఆ చక్రం రెండు ఇనుప పళ్లేలు ఎదురెదురుగా బిగించినట్టు ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. లోపలి వరస విప్పితే చక్రం ఊడి వస్తుంది. బయటి వరస ఆ రెండు పళ్లేలనూ పట్టి ఉంచుతుంది. లోపల గాలి ఉండగా బయటి వరస విప్పితే ఆ పళ్లెం ఫిరంగి గుండులా లేస్తుంది. అందుకే ఆ వరసకు ఎర్ర రంగు వేస్తారు. మరిది ఊర్లో నడిపిన లారీలకు ఇట్లాంటి చక్రాలు లేవు, మా బండికి అప్పటిదాకా పంక్చరైనప్పుడల్లా మా ఆయనే విప్పేవాడు. కంటికి కనిపించిన నట్లన్నీ విప్పేవే వాడికి. కూలీ మనిషి నీళ్లకు పోయి ఉన్నాడు, చప్పుడు విని పరుగెత్తుకొచ్చాడు. మరిదిని ఆస్పత్రికి తీసుకుపోయే అవసరం రాలేదు.

మా ఆయన జ్వరంతోనే పోయి తమ్ముడి శవాన్ని తెచ్చాడు. మల్కాజ్‌గిరిలో వాళ్ల ఇంటి ముందు తోడికోడలు ఆయన చొక్కా పట్టుకుంది.

"చక్రం సంగతి చెప్పినవా బావా? గట్ల పేలుతదని మా ఆయనకు చెప్పినవా?"

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

"చెప్పలే" అన్నాడు. "సక్కగ చెప్పలే. నాదే తప్పు."

"చెప్పకుంట పంపినవ్. సొంత తమ్మున్ని."

"నాదే తప్పు" అని మళ్లీ అన్నాడు. నేను ఆమెను పట్టుకోబోతే నన్ను మాత్రం కావలించుకుని ఏడ్చింది. నేను కూడా ఆ రోజు మా ఆయన మీద కోపంగానే ఉన్నాను. అది కూడా రాయాలి. రెండు నెలలు ఆయనతో సరిగా మాట్లాడలేదు.

బండి తిరిగి వచ్చాక ఒక పొద్దున ఆయన "ఆ వెండి రంగు డబ్బా ఇంకున్నదా?" అని అడిగాడు.

"ఉంది, వచ్చే దసరాకు దాచిన."

తీసుకుపోయి మోరీలో కుమ్మరించాడు. సగం డబ్బా. వృథా చేశావని అరిచాను. ఆయన గీకుడు కాగితం తెచ్చుకుని, చక్రం చక్రం దగ్గర కూర్చుని, బయటి వరస నట్లు గీకాడు. ఎర్ర రంగు వేశాడు. ఐదు చక్రాలకు ఐదు రోజులు. నేను చూస్తూనే ఉన్నాను. తమ్ముడు పోయినవాడు ఏదో ఒక పని కల్పించుకుంటున్నాడు అనుకున్నాను.

ఆ తర్వాత కూడా పదేళ్లు ఆ బండి మీదే బతికాము. ఆయన నడిపాడు, నేను రేకు కొట్టాను. పంక్చరైతే గాలి మొత్తం వదిలి, చెవి ఆనించి, ఇంకా ఆనించి, అరగంట కూర్చునేవాడు. పిరికివాడైపోయాడు అనుకున్నాను. ప్రతి దసరాకూ నేను ఆ మూత ఎత్తి అక్షరాలకు బొట్లు పెట్టేదాన్ని. ఒక ఏడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"దానికొద్దులే."

"దేవుని పేరుకు వద్దంటవా?" అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్తాడు అనిపించేంతగా తెరిచాడు. మళ్లీ మూసుకుని, నా చెయ్యి వదిలేశాడు. "పెట్టు" అన్నాడు. లోపలికి పోయి ఆ పూట పూజకు బయటికి రాలేదు. పండుగ పూట అలిగాడని టీచరమ్మకు కూడా ఒకసారి నవ్వుతూ చెప్పాను, ఆయన పోయాక.

ఆయన గుండెనొప్పితో పోయాడు. తోడికోడలు వచ్చింది. గేటు దగ్గరే నిలబడి, దండ వేయకుండా, "బావ ఒక్క మాట చెప్పుంటే మా ఆయన బతికేటోడు" అని పక్కవాళ్లతో అంటుంటే విన్నాను.

కానీ ఆయన పోయాక ఆమె నాకు దగ్గరైంది. ఆమె బిడ్డకు పెళ్లయి కరీంనగర్ పోయింది. ఆదివారం ఆదివారం ఫోను చేసేది. "అక్కా, తిన్నవా? ఏం కూర?" అని మొదలుపెట్టి, ఎక్కడెక్కడో తిరిగి, చివరకు అక్కడికే వచ్చేది. "ఇద్దరం ఒక్క మనిషి వల్లనే ఆగమైనమక్కా." నేను ఊ కొట్టేదాన్ని. నాకు ఈ ఊర్లో నా వాళ్లంటే ఇంక ఆమె ఒక్కతే. ఆ ఫోను కోసం ఆదివారం కోడికూర తొందరగా దించేసి వచ్చేదాన్ని.

పోయిన దసరా ముందురోజు టీచరమ్మ నాకు సెలవిచ్చింది. బండి ఇప్పుడు ఎటూ పోదు, అయినా వారానికి ఒకసారి ఇంజిను తిప్పుతాను, ఆయుధపూజ మానను. కడిగాను. మూత ఎత్తాను. ఏళ్ల కొద్దీ పెట్టిన బొట్లు గట్టిపడి నల్లగా పేరుకుపోయాయి. కొత్తవి పెట్టేముందు తడిగుడ్డతో రుద్దాను. అక్షరాలు బయటపడ్డాయి. ఈమధ్య ఏ అక్షరం కనిపించినా నా పెదాలు వాటంతట అవే కదులుతాయి. చదవాలని అనుకోలేదు. చదివేశాను.

ఎర్ర నట్లు విప్పొద్దు.
ముందు గాలి మొత్తం తీయాలి.

ఇంకెవరి పేరో ఉందేమోనని కింద చూశాను. ఏమీ లేదు. దేవుడి పేరు లేదు. మళ్లీ చదివాను, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం. అప్పుడు ఒక్కొక్కటిగా వచ్చాయి. చెట్టు కింద కూసో. పండుగ పోనీ, మళ్ల జూద్దాం. మోరీలో పోసిన రంగు. గీకుడు కాగితం. దానికొద్దులే.

మరిదికి చదువు వచ్చు. వాడు ఆ రోజు మూత ఎత్తి పానా తీసుకునే ఉంటాడు. ఈ రెండు వరసలూ చదివే ఉంటాడు. నేను పెట్టిన బొట్ల మధ్య నుంచి. చక్రం వైపు తిరిగి ఎర్ర నట్ల కోసం చూసి ఉంటాడు. ఎర్రవి ఒక్కటీ లేవు. అన్నీ వెండివే.

మా ఆయన చెప్పలేదన్నది అబద్ధం. రాసి పెట్టాడు. వాడికి చదువు వచ్చు గనక, నోటిమాట కంటే రాత గట్టిదని రాసి పెట్టాడు. నేను ఒక పక్క ఆ రాతకు బొట్లు పెట్టి, ఇంకో పక్క ఆ రాత చెప్పేదాన్ని చెరిపేశాను. పండుగ పూట నన్ను ఒక మాట అనలేని మనిషి, ఆ తర్వాత పదేళ్లు నా బదులు మాట పడ్డాడు. నేను కూడా ఆయన మీద కోపం చేశాను. బొట్లు పెడుతుంటే చూస్తూ ఉండిపోయాడు. చెప్తే నేను బతకననుకున్నాడేమో. చెప్పొచ్చు గదయ్యా. ఒక్కసారి తిట్టొచ్చు గద. ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం గద.

ఆ రోజంతా బండి సీట్లో కూర్చున్నాను, ఆయన కూర్చునే వైపు. పూజ చేయలేదు. మధ్యాహ్నం తోడికోడలు ఫోను చేసింది, పండుగని.

"పూజ అయ్యిందా అక్కా? ఏం చేసినవ్?"

"ఏం చేయలే."

"గదేంది? ఒంట్లో బాగలేదా?"

"బాగనే ఉన్న."

"ఇయ్యాల వాళ్లిద్దరు మస్తు యాదికొస్తరు గద. బావ అప్పుడు ఒక్క మాట..." అని ఆమె మొదలుపెట్టింది.

నేను ఊ కొట్టలేదు. ఫోను పెట్టేశాను.

చెప్పకుండా ఉండొచ్చు. ఆయన పదేళ్లు దాచిందాన్ని నేను తవ్వడమెందుకు అని కూడా అనుకున్నాను. చెప్తే ఆదివారం ఫోను ఇంక రాదు. నన్ను కావలించుకుని ఏడ్చిన మనిషి నా చేతుల్ని ఎట్లా చూస్తుంది? కానీ చెప్పకుంటే, ఆమె నోట్లో ఆయన ప్రతి ఆదివారం మళ్లీ ఆ ఇంటి ముందు తల వంచుకుని నిలబడతాడు. నేను ఊ కొడుతూ ఉండాలి.

మరునాడు దసరా. తెల్లారగానే స్క్రూ డ్రైవరు తీసుకుని బండి దగ్గరికి పోయాను. మూత కీలుకు నాలుగు స్క్రూలు. మూడు వచ్చాయి, నాలుగోది తుప్పు పట్టింది, కిరసనాయిలు పోసి టీ తాగేదాకా ఆగితే అదీ వచ్చింది. మూతను పాత చీరలో చుట్టుకుని బస్సెక్కాను. బస్సు నిండా కొత్త బట్టలు, బంతిపూలు. ఎవరింటికి వాళ్లు జమ్మి ఆకు పట్టుకుని పోతున్నారు, ఇచ్చి కాళ్లు మొక్కడానికి, కావలించుకోవడానికి. నా ఒళ్లో ఇనుప మూత. పక్కన కూర్చున్నావిడ "ఏంటమ్మా అది, అంత బరువు?" అని అడిగింది. ఇంటి సామాను అన్నాను.

మల్కాజ్‌గిరిలో ఆమె గుమ్మంలో ముగ్గు ఇంకా తడిగా ఉంది. తలుపు తీసి ఆశ్చర్యపోయింది.

"అక్కా! నిన్న గట్ల ఫోన్ పెట్టేస్తివి, నేను పరేషానైన. ఇదేంది పండుగ పూట?"

చీర విప్పి మూతను ఆమె చేతికిచ్చాను.

"చదువు" అన్నాను.

"నాకెందుకిస్తున్నవ్, ఇప్పుడు నీకు సుత వస్తది గద చదువు" అని నవ్వబోయింది. నా ముఖం చూసి ఆపేసింది. చదివింది. పైకే చదివింది. చివరి మాట దగ్గర గొంతు తగ్గింది.

"ఇది ఎవరి రాత?"

"మీ బావది. ఆ ఏడు ఎండాకాలంల రాసిండు. మీ ఆయన కోసమే రాసిండు." నా చేతులు ముందుకు చాపాను. "ఎర్ర నట్ల మీద వెండి రంగేసింది నేను. దసరాకు. నువ్వు సుత చూసినవ్ ఆ రోజు."

ఆమె మూత వైపే చూస్తూ ఉంది. అట్లా చూస్తూనే అడిగింది.

"బావకు ఎర్కేనా?"

"ఎర్కే."

"ఎప్పటి సంది?"

"మొదటి దినం సంది."

లోపల స్టవ్ మీద ఏదో అడుగంటుతున్న వాసన వచ్చింది. ఆమె మూతను గుమ్మం పక్కన గోడకు ఆనించింది. లోపలికి పోయి స్టవ్ ఆపేసిన చప్పుడు వినిపించింది. తిరిగి రాలేదు. తలుపు మాత్రం తెరిచే ఉంది. నేను ముగ్గు తొక్కకుండా మెట్టు మీద ఓ పక్కగా కూర్చున్నాను.